రష్యా సైనిక ఇంజనీర్లు: పోర్ట్ ఆర్థర్ నుంచి పెరెకోప్ దాకా

1904 నుంచి 1920 దాకా పదహారేళ్లలో రష్యా రెండు పెద్ద యుద్ధాలు, మూడు విప్లవాలు, ఒక అంతర్యుద్ధం చవిచూసింది. ఆ కాలమంతా కోటలు కట్టించినవాళ్లు, కందకాలు తవ్వించినవాళ్లు, నదుల మీద వంతెనలు వేయించినవాళ్లు, పై నుంచి ఆజ్ఞ వస్తే తమ చేతులతో కట్టినవాటినే పేల్చేసినవాళ్లు సైనిక ఇంజనీర్లు. చరిత్ర పుస్తకాల్లో సేనానులకూ రాజకీయ నాయకులకూ దక్కిన చోటు వీళ్లకు దక్కలేదు. ఈ వ్యాసం ముఖ్యంగా ముగ్గురి అనుభవాల మీద నడుస్తుంది. మొదటివాడు కన్‌స్టంటీన్ వెలీచ్కో (1856–1927). రెండవవాడు అలెక్సేయ్ ష్వార్ట్స్ (1874–1953). మూడవవాడు ద్మీత్రీ కార్బిషెవ్ (1880–1945). ముగ్గురూ ఒకే విద్యాలయంలో తయారైనవాళ్లే. విప్లవం తరవాత ముగ్గురి దారులూ వేరయ్యాయి. 1918 ఫిబ్రవరి దాకా రష్యాలో పాత పంచాంగం నడిచింది. ఇక్కడి తేదీలన్నీ కొత్త పంచాంగం ప్రకారం ఇచ్చినవి.

ఇంజనీర్ల కోట

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మిఖైలొవ్‌స్కీ కోటను జార్ మొదటి పావెల్ ప్రాణభయంతో, చుట్టూ నీటి కందకంతో కట్టించుకున్నాడు. 1801లో అందులోనే హత్యకు గురయ్యాడు. 1819లో ఆ భవనంలో ప్రధాన ఇంజనీరింగ్ పాఠశాల మొదలైంది. అప్పటినుంచి జనం దాన్ని ఇంజనీర్ల కోట అనసాగారు. నవలాకారుడు దొస్తొయెవ్‌స్కీ చదివింది ఇక్కడే; 1843లో చదువు ముగించి, ఏడాదికే కొలువు వదులుకున్నాడు. స్వరకర్తగా పేరుపడ్డ సీజర్ క్యూయీ వృత్తిరీత్యా ఇక్కడ కోటల నిర్మాణశాస్త్రం బోధించిన ఆచార్యుడు. క్రిమియా యుద్ధంలో సెవస్తోపోల్ నగరాన్ని మట్టి బురుజులతో 349 రోజులు నిలబెట్టిన టోట్లెబెన్ ఈ సంస్థకు ఆదర్శపురుషుడు. శత్రువు కళ్లముందే, ఫిరంగి గుళ్ల కిందే, రాత్రికి రాత్రి మట్టి గోడ లేపవచ్చునని ఆయన చూపించాడు. ఆ పాఠాన్ని తరవాతి తరాలు కాంక్రీటు మోజులో పడి కొంత మరిచిపోయాయి.

ఇంజనీర్ల కింద పనిచేసే సైనికుల సంగతి కూడా చెప్పుకోవాలి. మన మద్రాసు సాపర్స్ పటాలంలాగే రష్యాలోనూ కందకాలు, సొరంగాలు, మందుపాతరల పనికి సాపర్ పటాలాలు, వంతెనలకు పాంటూన్ పటాలాలు, ఇంకా టెలిగ్రాఫ్, రైల్వే దళాలు ఉండేవి. వాటికి చదువు వచ్చినవాళ్లు, చేతిపని తెలిసినవాళ్లు కావాలి. అందుకని పల్లె రైతులతో పాటు ఫ్యాక్టరీ కార్మికులు, వడ్రంగులు, కమ్మరులు వీటిలోకి ఎక్కువగా వచ్చేవారు. కరపత్రం చదవగలిగిన సైనికులు మిగతా పదాతిదళాలకన్నా ఇక్కడే ఎక్కువ. దాని ఫలితం 1905 నవంబరు, డిసెంబరు మధ్య కీవ్ సాపర్ల తిరుగుబాటులో, 1912లో తుర్కిస్తాన్ సాపర్ల తిరుగుబాటులో కనబడింది. 1917 మార్చి 12న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరైన పెట్రోగ్రాడ్‌లో తిరగబడిన పటాలాల్లోనూ ఆరవ రిజర్వు సాపర్ పటాలం ఉంది. జార్ ప్రభుత్వం తనకు బాగా అవసరమైన నైపుణ్యాన్నీ తాను బాగా భయపడే వర్గాన్నీ ఒకే పటాలంలో చేర్చి పెట్టింది.

పోర్ట్ ఆర్థర్

రష్యా 1898లో చైనా నుంచి పోర్ట్ ఆర్థర్ రేవును కౌలుకు తీసుకుంది. దాని చుట్టూ కోటల వలయానికి నమూనా గీసింది వెలీచ్కో. నమూనా బాగానే ఉంది, డబ్బే చాలలేదు. ఆర్థికమంత్రి విట్టే పట్టుదలతో పక్కనే దాల్నీ అనే వాణిజ్య రేవు లేచింది. ఖజానా దాని మీద చూపిన ఉదారత కోట మీద చూపలేదు. ఖర్చు తగ్గించడానికి కాంక్రీటు కప్పుల మందం మూడడుగులకు దిగింది. ఆరంగుళాల ఫిరంగి దెబ్బను కాచుకోగలిగితే చాలన్నది లెక్క. కొండలెక్కించి అంతకన్నా పెద్ద ఫిరంగులు ఎవరు తెస్తారని అనుకున్నారు. 1904 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చేసరికి చాలా కోటలు అసంపూర్తిగానే ఉన్నాయి.

మే నెలాఖరులో జపాన్ సైన్యం దాల్నీని పట్టుకుంది. ముట్టడి సామగ్రి అంతా ఆ సొగసైన కొత్త రేవులోనే దిగింది. దాన్ని కట్టిన డబ్బులో కొంతైనా పక్కనున్న కోట గోడల మీద పెట్టి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్నకు ఆ తరం ఇంజనీర్లు జీవితాంతం జవాబు వెతుక్కున్నారు. శరత్కాలంలో జపాన్ వాళ్లు తమ తీరరక్షణ కోటల నుంచి 28 సెంటీమీటర్ల హవిట్జర్లు విప్పి తెచ్చి బిగించారు. ఒక్కో గుండు బరువు 200 కిలోలకు పైమాటే. మూడడుగుల కాంక్రీటుకు ఆ దెబ్బ మోతాదు మించింది.

నేల మీది రక్షణను చూసినవాడు మేజర్ జనరల్ రొమాన్ కొంద్రతెంకో. ఇంజనీరింగ్ అకాడమీలోనూ జనరల్ స్టాఫ్ అకాడమీలోనూ చదివినవాడు. పూర్తికాని కోటల మధ్య ఖాళీలను కందకాలతో కలిపించాడు. యుద్ధనౌకల నుంచి దించిన తుపాకులు, సెర్చిలైట్లు, తీగలు అన్నీ వాడకంలోకి తెచ్చాడు. తోకగొట్టం ఉన్న పెద్ద బాంబును నౌకాదళపు చిన్న ఫిరంగి మూతికి తగిలించి దగ్గరి కందకంలోకి విసిరే పద్ధతిని గొబ్యాతో అనే ఫిరంగిదళ అధికారి ఇక్కడే రూపొందించాడు. నేటి మోర్టారు వంశవృక్షంలో దాని పేరు తప్పక వస్తుంది. ఖాళీ గుళ్ల తొడుగుల్లో మందు కూరి చేతిబాంబులు చేశారు.

భూమి కింద జరిగిన యుద్ధం ఇంజనీర్లది. రెండవ నంబరు కోట కిందికి జపాన్ వాళ్లు సొరంగం తవ్వుకుంటూ వస్తున్నారు. లోపలివాళ్లు గోడకు చెవి ఆనించి గునపం చప్పుడు వినేవారు. చప్పుడు ఏ దిక్కున, ఎంత దూరాన అన్నది అంచనా కట్టి, ఎదురు సొరంగం తవ్వి, శత్రువు సొరంగం మాత్రమే కూలేటంత మందు పెట్టి పేల్చాలి. మందు తక్కువైతే సొరంగం కూలదు, ఎక్కువైతే సొంత గోడే విరుగుతుంది. అక్టోబరు చివర రష్యన్లు ఆ పేలుడు జరిపారు. శత్రువు సొరంగంతో పాటు తమ గోడా దెబ్బతిన్నది. డిసెంబరు 15న అదే కోటలో ఒక హవిట్జర్ గుండు పడి కొంద్రతెంకో, ఆయనతో ఉన్న అధికారులు చనిపోయారు. వాళ్లలో లెఫ్టినెంట్ కర్నల్ రషెవ్‌స్కీ ఒకడు. ముట్టడి పొడుగునా ఆయన రాసుకున్న దినచర్య తరవాత అచ్చయింది. కొంద్రతెంకో పోయాక రక్షణకు వెన్నెముక లేకుండా పోయింది. 1905 జనవరి 2న సేనాధిపతి స్టెసెల్ లొంగిపోయాడు. సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. జార్ దాన్ని పదేళ్ల ఖైదుగా మార్చి, చివరికి క్షమించి వదిలేశాడు.

ముట్టడిలో ఉన్న యువ ఇంజనీర్లలో ష్వార్ట్స్ ఒకడు. రొమనొవ్‌స్కీ అనే సహాధికారితో కలిసి పోర్ట్ ఆర్థర్ రక్షణ మీద ఆయన రాసిన రెండు భాగాల గ్రంథం యూరప్ ఇంజనీర్లు శ్రద్ధగా చదివినది. అప్పటికి కార్బిషెవ్ ఉత్తరాన మంచూరియాలో ఉన్నాడు. తూర్పు సైబీరియా సాపర్ పటాలంలో టెలిగ్రాఫ్ దళాన్ని నడుపుతూ ముక్దెన్ దాకా పోరాడాడు. యుద్ధం ముగిసేసరికి ఐదు పతకశ్రేణులు సంపాదించాడు.

అనుమానపు నీడ

కార్బిషెవ్ పుట్టింది సైబీరియాలోని ఓంస్క్‌లో. తండ్రి సైనిక కార్యాలయ ఉద్యోగి. అన్న వ్లదీమిర్ కజాన్ విశ్వవిద్యాలయంలో విప్లవ విద్యార్థుల్లో చేరి అరెస్టయ్యాడు. ఆ కారణంగా తమ్ముడికి సైబీరియా కెడెట్ పాఠశాలలో ప్రభుత్వ ఖర్చు మీద సీటు దొరకలేదు. ఇంటివాళ్లు ఫీజు కట్టి చదివించారు. 1898లో మొదటి స్థానంలో బయటికొచ్చి, రెండేళ్లు ఇంజనీర్ల కోటలో చదివాడు. జపాన్ యుద్ధం తరవాత 1906లో సైనికులలో ఆందోళన రేపుతున్నాడన్న నేరారోపణ వచ్చింది, కొలువు పోయింది. వ్లదివొస్తోక్‌లో నక్షాలు గీసే పనితో పొట్టపోసుకున్నాడు. సోవియట్ జీవితకథలు ఈ ఘట్టాన్ని ఆయన విప్లవ దీక్షకు తొలి రుజువుగా చూపిస్తాయి. మరుసటి ఏడే ఆయన తిరిగి జార్ సైన్యంలో చేరి, ఆ మరుసటి ఏడు అకాడమీలో సీటు తెచ్చుకున్నాడన్నదీ అంతే నిజం. అది కోటల కాలం, ప్రభుత్వానికి ఇంజనీరు అవసరం. ఆయనకు వేరే వృత్తి రాదు. 1911లో అకాడమీ ముగించుకుని బ్రెస్ట్-లితోవ్‌స్క్ కోటల నిర్మాణానికి వెళ్లాడు.

1915 వేసవి

1909లో యుద్ధమంత్రి అయిన సుఖొమ్లీనొవ్ పోలండ్ ప్రాంతపు పాత కోటలు చాలావరకు దండగ అని తేల్చాడు. ఇవాన్‌గొరద్ కోటను రద్దు జాబితాలో చేర్చారు. కొన్నింటిని పడగొట్టడం, కొన్నింటిని బలపరచడం, మళ్లీ మనసు మార్చుకోవడం, ఇలా ఐదేళ్లు గడిచాయి. 1914 ఆగస్టులో బెల్జియంలోని లీజ్, నామూర్ కోటలను జర్మన్ భారీ ఫిరంగులు రోజుల్లో నుగ్గు చేశాయన్న వార్త వచ్చినప్పుడు, రష్యా కోటలు సగం కట్టినవిగా, సగం వదిలేసినవిగా ఉన్నాయి.

ఆ నెలలోనే ష్వార్ట్స్ ఇవాన్‌గొరద్ అధిపతిగా వచ్చాడు. విస్తులా నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇప్పుడు పోలండ్‌లోని దెంబ్లిన్. పాత ఇటుక కోటల మీద ఆయన ఆశ పెట్టుకోలేదు. వాటికి చాలా ముందుకు జరిగి, ముళ్లతీగలతో, వెనక మరో వరస, దాని వెనక ఇంకో వరసగా కందకాలు తవ్వించాడు. పోర్ట్ ఆర్థర్‌లో నేర్చుకున్నది ఇదే: గోడ మందం కన్నా రక్షణ లోతు ముఖ్యం. అక్టోబరులో జర్మన్, ఆస్ట్రియన్ సేనలు వచ్చి, కోటను పట్టలేక వెనుదిరిగాయి. 1915 ఆగస్టు మొదట్లో రష్యా సైన్యం మొత్తం తూర్పుకు జరుగుతున్నప్పుడు ష్వార్ట్స్ ఫిరంగులనూ సామగ్రినీ తరలించి, మిగిలింది పేల్చి, క్రమంగా ఖాళీ చేశాడు.

నొవొగొర్గీయెవ్‌స్క్ కథ ఇందుకు విరుద్ధం. పోలండ్‌లో అన్నిటికన్నా గొప్ప కోట అది, కోట్ల రూబుళ్లు మింగింది. ముట్టడికి ముందే కోట ప్రధాన ఇంజనీరు బయటి పనులు చూడబోయి నక్షాలతో సహా జర్మన్లకు చిక్కాడు. ఆంట్‌వెర్ప్‌ను పట్టిన సేనాని బెజెలెరే ఇక్కడికీ వచ్చాడు. 1915 ఆగస్టు 20న కోట లొంగిపోయింది. 80 వేలకు పైగా సైనికులు, వెయ్యికి మించిన ఫిరంగులు శత్రువు పాలయ్యాయి. రెండు రోజుల ముందే కొవ్నో కోట పడింది. దాని అధిపతి గ్రిగొరీయెవ్ కోట వదిలి వెళ్లిపోయాడు. అసొవెత్స్ అనే చిన్న కోట మాత్రం చిత్తడి నేలల నడుమ ఏడాది నిలిచింది. ఆగస్టు 6న విషవాయువు దాడిలో ఊపిరితిత్తులు కాలిన సైనికులు దగ్గుతూనే ఎదురుదాడికి లేవడం రష్యాలో ఇప్పటికీ చెప్పుకునే కథ.

ఒకే దేశం, ఒకే నెల, ఒకే శాస్త్రం చదివిన ఇంజనీర్లు. ఫలితాలు మాత్రం ఇంత వేరు. దీన్నిబట్టి కాంక్రీటు కోటల కాలం చెల్లిందని చాలామంది రాశారు. అది పూర్తి వివరణ కాదనిపిస్తుంది. నొవొగొర్గీయెవ్‌స్క్‌లో కొత్తగా వచ్చిన దళాలకు కోట తెలియదు, అధికారులకు ఒకరి మీద ఒకరికి గురి లేదు. ఫిరంగి పగలగొట్టింది కొంత, పాలన పగలగొట్టింది మరికొంత.

ఆగస్టు 26న బ్రెస్ట్-లితోవ్‌స్క్‌ను రష్యన్లే తగలబెట్టి వెళ్లారు. అక్కడ కోటలు కట్టిన కార్బిషెవ్ అప్పటికి కార్పాతియన్ కొండల వైపు జనరల్ బ్రుసీలొవ్ సైన్యంలో ఉన్నాడు. 1915 ఆరంభంలో పెషెమిష్ల్ ముట్టడిలో కాలికి గాయమైంది. ఆ ఆస్ట్రియన్ కోట మార్చి 22న లొంగింది; కారణం తిండి అయిపోవడం.

1916లో ఇంజనీర్లకు మంచి రోజులొచ్చాయి. నైరుతి యుద్ధరంగపు ఇంజనీర్ల అధిపతిగా ఉన్న వెలీచ్కో, దాడికి ముందు సైనికులు గుమిగూడటానికి ముందువరసకు ఆనుకుని వెడల్పైన కందకాల స్థావరాలు సిద్ధం చేయించాడు. కొన్నిచోట్ల అవి శత్రువు కందకానికి వంద గజాలలోపుకు పాకాయి. వెనక ఆస్ట్రియన్ కందకాల నమూనాలు తవ్వి సైనికులచేత సాధన చేయించారు. జూన్ 4న మొదలైన బ్రుసీలొవ్ దాడి విజయంలో పారకు తుపాకితో సమానమైన వాటా ఉంది.

పార కింద పడిన ఏడాది

1917 మార్చిలో జార్ దిగిపోయాడు. పెట్రోగ్రాడ్ సోవియట్ జారీ చేసిన ఒకటో నంబరు ఆజ్ఞ సైనిక కమిటీలకు అధికారమిచ్చింది. పదాతి అధికారికన్నా ఇంజనీరుకు ఇది వేరే రకంగా తగిలింది. తుపాకి పట్టుకుని కూర్చున్న సైనికుణ్ణి బతిమాలి కూర్చోబెట్టవచ్చు. కందకం తవ్వడం చెమటోడ్చే పని. యుద్ధం అయిపోవాలని కోరుకునే మనిషి రేపటి యుద్ధానికి ఈరోజు పార ఎత్తడు. ష్వార్ట్స్ ఆ ఏడు సైనిక సాంకేతిక వ్యవహారాల ప్రధాన విభాగానికి అధిపతి అయ్యాడు. కార్బిషెవ్ రుమేనియా సరిహద్దులో కందకాలు బలపరుస్తున్నాడు.

బొల్షెవిక్కులు అధికారం తీసుకున్న నాలుగు రోజులకు, నవంబరు 11న, పెట్రోగ్రాడ్ కెడెట్లు తిరగబడ్డారు. వాళ్ల కేంద్రం ఇంజనీర్ల కోటే. తిరుగుబాటు ఒక్క రోజులో అణిగిపోయింది. ఆ ఏడు డిసెంబరులో మొగిలేవ్-పొడోల్స్క్‌లో లెఫ్టినెంట్ కర్నల్ కార్బిషెవ్ బొల్షెవిక్కుల ఎర్రదళంలో చేరాడు. మూడు నెలలకు, 1918 మార్చి 3న, సోవియట్ ప్రభుత్వం జర్మనీతో సంధి మీద సంతకం పెట్టింది. ఆయన ఒకప్పుడు కోటలు కట్టిన బ్రెస్ట్-లితోవ్‌స్క్‌లోనే అది జరిగింది.

ఎవరు ఎటు వెళ్లారన్నది చదువును బట్టో వంశాన్ని బట్టో చెప్పలేం. వయసు అరవై దాటిన, జార్ దగ్గర అత్యున్నత హోదా చూసిన వెలీచ్కో 1918లో ఎర్రసైన్యంలో చేరి, చనిపోయేదాకా దాని ఇంజనీర్లకు పాఠాలు చెప్పాడు. ష్వార్ట్స్ కూడా మొదట బొల్షెవిక్కుల దగ్గరే పనిచేశాడు. జర్మన్లు పెట్రోగ్రాడ్ మీదికి వస్తున్నారన్న భయంతో ఏర్పడ్డ రక్షణ దళాలకు ఉత్తర భాగాన సైనిక నాయకత్వం వహించాడు. ప్రభుత్వం ఎవరిదైనా, రాజధానిని జర్మన్లకు వదలకూడదన్నది అప్పటి చాలామంది అధికారుల ఆలోచన. తరవాత దక్షిణాన కీవ్‌కు తప్పుకున్నాడు. 1919 మార్చిలో ఒదెస్సాలో దిగిన ఫ్రెంచి సైన్యాధికారి దాన్సెల్మ్, తనతో పొసగని తెల్ల (బొల్షెవిక్ వ్యతిరేక) సేనానులను పంపేసి ష్వార్ట్స్‌ను నగరపు సైనిక గవర్నరుగా పెట్టాడు. ఏప్రిల్ మొదట్లో ఫ్రెంచివాళ్లు నగరాన్ని ఉన్నపళంగా వదిలి ఓడలెక్కారు. ష్వార్ట్స్ కూడా ఎక్కాడు.

బొల్షెవిక్ నాయకుడు ట్రాట్‌స్కీ పాత అధికారులను నిపుణుల పేరుతో సైన్యంలోకి తీసుకున్నాడు. 1918–20 మధ్య అలా చేరినవాళ్లు సుమారు 48 వేలు. కొందరు నమ్మకంతో, కొందరు ఆకలితో, కొందరు ఇంట్లోవాళ్లను బందీలుగా పట్టుకుంటారన్న భయంతో చేరారు. వీళ్ల పక్కన రాజకీయ కమిసార్ ఒకడు ఉండేవాడు. ఆజ్ఞాపత్రం మీద ఆయన సంతకం కూడా పడాలి.

కఖొవ్కా, సివాష్

కార్బిషెవ్ 1918, 1919లలో వోల్గా తీరాన, సమారా చుట్టుపక్కల తెల్ల నాయకుడు కొల్చాక్ సేనలకు ఎదురుగా రక్షణ పనులు నడిపాడు. అంతర్యుద్ధం కదిలే యుద్ధం. గుర్రపుదళాలు రోజుకు యాభై మైళ్లు పోతుంటే వేల మైళ్ల కందకాలు ఎవరు తవ్వగలరు? రైలు కూడళ్ల చుట్టూ, నది దాటే చోట్ల బలమైన ముడులు వేయడమే ఆయన ఎన్నుకున్న మార్గం.

1920 శరత్కాలంలో ఆయన దక్షిణ యుద్ధరంగపు ఇంజనీర్ల ఉపాధిపతి. ద్నీపర్ నది ఎడమ ఒడ్డున కఖొవ్కా దగ్గర ఎర్రసైన్యం ఆగస్టులో ఒక జానెడు నేల పట్టుకుని ఉంది. దాన్ని వరసల మీద వరసల కందకాలతో, ముళ్లతీగలతో, టాంకులు దిగబడే గోతులతో, వాటికి గురిపెట్టిన ఫిరంగులతో బిగించారు. అక్టోబరు 14న తెల్ల సేనాని వ్రాంగెల్ టాంకులు వచ్చి, కందకాలు దాటి లోపలికి చొచ్చాయి. కానీ వెనక రావలసిన పదాతిదళం ఆగిపోయింది. లోపల ఒంటరైన టాంకుల్లో చాలావాటిని ఫిరంగులు మట్టుబెట్టాయి. టాంకులను ఎదుర్కొనే రక్షణ చరిత్రలో ఇది తొలి పాఠాల్లో ఒకటి.

తరవాతిది పెరెకోప్. విశాలాంధ్ర దుకాణాల్లో ప్రగతి, రాదుగ అనే సోవియట్ ప్రచురణలు కొని చదివిన తరానికి ఈ పేరు కొత్త కాకపోవచ్చు. క్రిమియాను ప్రధాన భూభాగంతో కలిపే సన్నని మెడ అది. దానికి అడ్డంగా తుర్కీ గోడ అనే పాత మట్టికట్ట, ముందు లోతైన కందకం ఉన్నాయి. పక్కన సివాష్ ఉప్పుకయ్య, బురద. తూర్పున చొంగార్ దగ్గర వంతెనలను తెల్ల సేనలు కాల్చేశాయి. గోడకు అవతల రక్షణలు కట్టించినవాళ్లూ పాత సామ్రాజ్య సైన్యపు అధికారులే. నవంబరు 7 రాత్రి పడమటి గాలి నీటిని వెనక్కి నెట్టడంతో ఎర్రసైన్యం సివాష్ బురదలో దిగి నడిచింది. దారి తెలిసిన స్థానికులు ముందు నడిచారు. మెత్తటి చోట్ల గడ్డి, కర్రలు పరిచారు. ఎదురుగా తుర్కీ గోడ మీదికి ఎర్ర సేనాని బ్ల్యూఖెర్ డివిజన్ నేరుగా వెళ్లి ఘోరంగా నష్టపోయి చివరికి దాటింది. చొంగార్ దగ్గర కాలిన వంతెనల పక్కన, తుపాకి గుళ్ల మధ్యే, సాపర్లు నడకవంతెనలు వేశారు. కార్బిషెవ్‌కు పని అప్పగించింది ఇక్కడే. వారంలో వ్రాంగెల్ కథ ముగిసింది. 126 ఓడల్లో సుమారు 1.46 లక్షల మంది క్రిమియా వదిలి వెళ్లిపోయారు.

తరవాతి జీవితాలు

కార్బిషెవ్ ఫ్రున్జె సైనిక అకాడమీలో ఆచార్యుడై వందకు పైగా రచనలు చేశాడు. అంకెలు గుర్తుండేలా చెప్పడంలో దిట్ట. ఒక వరస ముళ్లతీగ అడ్డుకు ఒక పటాలం, ఒక గంట, ఒక కిలోమీటరు, ఒక టన్ను అని ఆయన చెప్పిన లెక్కను విద్యార్థులు ఒక సాపర్, ఒక గొడ్డలి, ఒక రోజు, ఒక చెట్టు మొద్దు అని వెక్కిరించేవారట. 1940లో లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం కూడా ఆ ఏడాదే. ఇరవై రెండేళ్ల ఎర్ర సేవను దాటి, అరవయ్యేళ్ల వయసులో అన్నమాట.

1941 జూన్‌లో గ్రోద్నో దగ్గర సరిహద్దు కోటల పరీక్షకు వెళ్లినప్పుడు జర్మన్ దాడి మొదలైంది. ఆగస్టు 8న ద్నీపర్ దగ్గర గాయపడి స్పృహ లేని స్థితిలో బందీ అయ్యాడు. తమకు పనిచేయమని జర్మన్లు అడిగితే ఒప్పుకోలేదు. హామెల్‌బుర్గ్, ఫ్లోసెన్‌బుర్గ్, మైదానెక్, ఔష్విట్జ్, జాక్సెన్‌హౌజెన్ శిబిరాలు దాటి మౌట్‌హౌజెన్ చేరాడు. 1945 ఫిబ్రవరి 18 తెల్లవారుజామున చలిలో చన్నీళ్లు కుమ్మరించి చంపిన వందలమంది బందీల్లో ఆయన ఒకడు. ఈ సంగతి 1946లో ఒక కెనడా అధికారి చెప్పిన సాక్ష్యంతో బయటపడింది. ఆ ఏడే సోవియట్ వీరుడి బిరుదు వచ్చింది. మంచులో గడ్డకట్టిన వీరుడి బొమ్మ పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాక, కందకాల శాస్త్రవేత్త అందులో చాలావరకు కనుమరుగయ్యాడు.

ష్వార్ట్స్ ఇస్తాంబుల్, ఇటలీ, ఫ్రాన్స్ మీదుగా 1923లో అర్జెంటీనా చేరి, బ్యూనస్ ఐరిస్‌లో అక్కడి సైన్యానికి కోటల నిర్మాణశాస్త్రం బోధించాడు. 1953లో అక్కడే చనిపోయాడు. ఇవాన్‌గొరద్ రక్షణ గురించి ఆయన రాసుకున్న పుస్తకం 1969లో పారిస్‌లో రష్యన్ భాషలో అచ్చయింది.